కొట్టినవాడు కాదనకూడదు

కాలిస్ సంఘంలో చేరేనాటికి ఎలీసియో కతిందిగ్ దగ్గర ఉన్నవి రెండు ప్యాంట్లు, అడుగున అట్టముక్క పరుచుకున్న ఒక జత బూట్లు, గట్టి తొడలు. ప్యాంట్లూ బూట్లూ ఏడాది తిరక్కుండానే పోయాయి. తొడలను పెట్టుబడిగా పెట్టి ముప్పై ఆరేళ్ళు వ్యాపారం చేశాడు.

ఎనభై మూడో సంవత్సరం మాట. మనీలాకు దూరంగా లుమాంగ్‌బాయన్ సంతలో ఎండుచేపలు అమ్మే మనిషి కొడుక్కి విశ్వవిద్యాలయంలో సీటు రావడమే గొప్ప. వచ్చాక తెలిసింది, సీటొక్కటే చాలదని. అక్కడ సంఘాలుండేవి. ఒక్కో సంఘానికి ఆవరణలో ఒక చావడి, ఒక రంగు చొక్కా, బయట ఊళ్ళో అప్పటికే పైకొచ్చిన అన్నలు. బ్యాంకులో అప్పుకు వెళ్ళినా, కోర్టులో వాయిదా అడిగినా, అవతలివాడు ముందు అడిగేది నువ్వే సంఘమని. ఏ సంఘమూ కానివాడు వరసలో నిలబడాలి. వరసలు పొడుగ్గా ఉండేవి.

అన్ని సంఘాలూ కొత్తవాళ్ళను తెడ్డుతో కొట్టే చేర్చుకునేవి. పడవ తెడ్డుకు సగం పొడవుండే చెక్క, దెబ్బ తొడల వెనక. కాలిస్ సంఘంలో దానికి తోడు ఇంకో కట్టుబాటు ఉండేది. కొట్టినవాడు కాదనకూడదు. ఎవణ్ణి నువ్వు తెడ్డుతో కొట్టావో, వాడు ఎప్పుడొచ్చి ఏమడిగినా, నీ చేతనైనదైతే చేసి తీరాలి. సంఘం బతికున్నంతకాలం ఆ బాధ్యత బతికుంటుంది. చెయ్యెత్తే ముందు కుర్రాళ్ళు ఒకసారి ఆలోచిస్తారని సంఘం పెట్టినవాళ్ళు ఆ మాట రాశారట. పద్దెనిమిదేళ్ళవాడి చెయ్యి ఎప్పుడు ఆలోచించింది కనక? అందరూ ఆ కట్టుబాటును ప్రార్థనలాగా వల్లించి, తెడ్డు తీసుకునేవాళ్ళు. సంతలో పెరిగిన ఎలీసియో ఒక్కడే దాన్ని తూకంరాయిలాగా చూశాడు.

చేర్చుకునే రోజు కొబ్బరితోటలో పాత కొట్టం ఒకటి అద్దెకు తీసుకున్నారు. కళ్ళకు గంతలు. కొట్టేవాడు ముందు తన పేరు చెప్పాలి, తినేవాడు దెబ్బ లెక్క పైకి చెప్పాలి. ఎవడు ఎవడికి బాధ్యుడో తర్వాత తగువు రాకుండా ఆ ఏర్పాటు. ప్రావిన్సు బోర్డు సభ్యుడి కొడుకు రైముండో, అందరూ ముందో అనేవాళ్ళు, ఒక్కటి కొట్టి తెడ్డు పక్కవాడికి ఇవ్వబోయాడు.

"దోమ వాలినట్టుంది అన్నా. మీరేనా కొట్టింది?" అన్నాడు ఎలీసియో గంతల కింద నుంచి.

ముందో పదకొండు కొట్టాడు. ఒక్కటి కొట్టినవాడు మరిచిపోవచ్చు, పదకొండు కొట్టినవాడు మరిచిపోలేడు. న్యాయవాదుల ఇంటి పిల్లవాడు విర్‌హీలియోను, అందరూ హీలియో అనేవాణ్ణి, వాళ్ళ నాన్న ఓడిపోయిన కేసు గురించి అడిగి ఎనిమిది తెచ్చుకున్నాడు. బ్యాంకు మేనేజరు కొడుకు దగ్గర తొమ్మిది. సైకిళ్ళు బాగుచేసేవాడి కొడుకు, బడిపంతులు కొడుకు, ఇలాంటివాళ్ళు తెడ్డు పట్టుకోగానే చచ్చానురా దేవుడా అని ఏడ్చేవాడు. వాళ్ళు జాలిపడి ఒక్కటితో సరిపెట్టేవాళ్ళు. ఆ తరహావాళ్ళు నలుగురు, నాలుగు దెబ్బలు. మొత్తం ముప్పై రెండు. రెండు వారాలు బోర్లా పడుకుని, వాళ్ళమ్మ తెచ్చిన చేపల గంజి తాగుతూ, ఎవడి దెబ్బ ఎప్పటికి పండుతుందో లెక్క వేసుకున్నాడు.

లెక్క తప్పలేదు. ఎనభై తొమ్మిదిలో బ్యాంకు మేనేజరు కొడుకు, అప్పటికి తనూ మేనేజరే, హామీ లేకుండా అప్పిప్పించాడు. విశ్వవిద్యాలయం గేటు ఎదుట తగాదాలో ఉన్న స్థలాన్ని లాయరు హీలియో విడిపించి పెట్టాడు. అక్కడ ఎలీసియో సిమెంటు, ఇనుము, రేకుల దుకాణం తెరిచాడు. ముందో జిల్లా పనుల కార్యాలయంలో ఇంజనీరయ్యాడు, ఆ తర్వాత దానికే పెద్దయ్యాడు. ఆ జిల్లాలో వేసిన ప్రతి మూడో కల్వర్టులోనూ ఎలీసియో సిమెంటు ఉంది. తొంభై ఒకటిలో సంఘం చావడి తుఫానుకు పడిపోతే తన ఖర్చుతో కాంక్రీటు నేల, నాలుగు సిమెంటు బల్లలు వేయించాడు. అది అభిమానంతో చేసిన పనేనని అందరూ మెచ్చుకున్నారు. కొంత అభిమానమూ ఉంది. కాని మూలధనం ఉన్న పెట్టెకు ఎవరైనా తాళం వేసుకుంటారు కదా.

ఇక అవతలివైపు లెక్క. తను ఎవరినీ కొట్టకూడదు. కొడితే బాకీ తనది. చేరిన మరుసటి ఏడాది జ్వరమన్నాడు, పరీక్షలన్నాడు. ఎనభై అయిదులో ముందో పట్టుకున్నాడు. తీసుకోవడమే కాని ఇవ్వడం తెలియనివాణ్ణి సంఘంలో ఏమంటారో తెలుసా అని అందరి ముందూ అడిగాడు. ఈసారి తెడ్డు పట్టకపోతే చొక్కా విప్పేసి పొమ్మన్నాడు. ఆ ఏడు కొత్తగా చేరేవాళ్ళు పదకొండు మంది. వరసలో నిలబెట్టారు. ఎలీసియో వరసంతా చూసి, చివర నిలబడ్డ గౌదెన్సియోను ఎంచుకున్నాడు, అందరూ డెన్సియో అనేవాళ్ళు. కౌలు రైతు కొడుకు, మాట తక్కువ. వీడు జన్మలో ఏమీ అడగలేడు. ఒకటో రెండో కొడితే మళ్ళీ వచ్చే ఏడు కొట్టమంటారు. ఒకేసారి తీర్చేస్తే ఇక ఎవరూ అడగరు. పదిహేడు కొట్టాడు.

డెన్సియోకు మూడో రోజుకు మూత్రంలో నెత్తురు పడింది. జీప్నీ బండి మీంచి పడ్డాడని ఆసుపత్రిలో రాయించారు. ఖర్చంతా సంఘమే పెట్టుకుంది. మూడు వారాల తర్వాత ఒక మూత్రపిండం తీసేశారు. చదువులో ఏడాది పోయింది. తర్వాత పక్క ఊళ్ళో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారయ్యాడు. ముప్పై నాలుగేళ్ళలో ఎలీసియో దుకాణానికి ఒక్కసారి వచ్చాడు, ఆరు బస్తాల సిమెంటు కోసం. ఎలీసియో బయటికి వచ్చి, డబ్బులొద్దు, బండి నేనే పంపిస్తానన్నాడు. డెన్సియో బోర్డు మీద రాసిన ధర చూసి, అంతా లెక్కపెట్టి బల్ల మీద పెట్టి, బస్తాలు తను తెచ్చుకున్న బండిలోనే ఎక్కించుకుని పోయాడు. ఆ రోజు ఎలీసియోకు అన్నం సహించలేదు. ఎందుకో భార్య లూర్దెస్‌కు చెప్పలేకపోయాడు.

*

రెండువేల పంతొమ్మిది నాటికి సంఘంలో చదువుకునే కుర్రాళ్ళు ముగ్గురు మిగిలారు. ఎలీసియో కాలంలో నలభై రెండు మంది. అంతకు ముందు ఏడాది వచ్చిన కొత్త చట్టంతో తెడ్డు పట్టుకున్నవాడే కాదు, పక్కన నిలబడి చూసినవాడూ జైలుకు పోవాల్సిందే. విశ్వవిద్యాలయం ఇంకో మెలిక పెట్టింది. ఆగస్టులోగా పదిహేను మంది పేర్లు, తల్లిదండ్రుల సంతకాలు ఇవ్వని సంఘం పేరు కొట్టేస్తారు, చావడి ఇంకొకరికి ఇస్తారు.

జులైలో ఒక రోజు ఆల్డ్రిన్ దుకాణానికి వచ్చాడు. అడవుల శాస్త్రం మూడో సంవత్సరం. ముగ్గురిలో ఇద్దరు చదువు ముగించుకుని పోయాక వాడే అధ్యక్షుడు, వాడే సభ్యులు. సంఘంలో వయసు తేడా లేదు, ముందు చేరిన ప్రతివాడూ అన్నే. యాభై నాలుగేళ్ళ ఎలీసియోను పంతొమ్మిదేళ్ళ ఆల్డ్రిన్ అన్నా అనే పిలిచాడు.

మొదటి సంవత్సరంవాళ్ళు కొందరు వచ్చి అడిగారట. దెబ్బల్లేకుండా అయితే చేరతామన్నారట. యాభయ్యో వార్షికోత్సవం విందులో అన్నలంతా ఒప్పుకుంటే పేర్లు రాసుకోవచ్చని వాడి ఆశ.

దెబ్బ లేకపోతే కొట్టినవాడుండడు, కొట్టినవాడు లేకపోతే అడగడానికి ఎవడూ ఉండడు, మరి వాళ్ళు దేనికి చేరతారని ఎలీసియో అడిగాడు.

"అదే వాళ్ళూ అడిగారన్నా. చేరితే ఏమిస్తారని. నా దగ్గర చెప్పడానికేం లేదు," అన్నాడు ఆల్డ్రిన్. "నన్ను తొమ్మిది కొట్టిన అన్న దుబాయ్‌లో ఉన్నాడు. వేసవిలో శిక్షణకు ఎక్కడైనా చెప్పమని మెసేజ్ పెట్టాను. నా నంబరు కనబడకుండా చేసుకున్నాడు."

ఎలీసియోకు తన గోదాములో చెదలు చూసినట్టనిపించింది. ఏళ్ళ తరబడి ముందో ఫోన్ ఎత్తడానికి ఆలస్యం చేస్తున్నాడు, ఎత్తినా పొడిగా మాట్లాడుతున్నాడు. అది పని ఒత్తిడి అనుకున్నాడు. నంబరు కనబడకుండా చేసుకునేదాకా మాత్రం ఎవడూ పోలేదు. కట్టుబాటును ఎవడైనా తేలిగ్గా తీసుకోవచ్చు, కాదనలేడు. సంఘం పేరు చిట్టాలో ఉన్నంతవరకూ కాదనలేడు. పేరు మాత్రం పోకూడదు.

పదిహేను మంది పేర్లు తను చూస్తానన్నాడు. దెబ్బలు వద్దంటే వద్దు, చొక్కాలు తను కుట్టిస్తాడు, శుక్రవారం శుక్రవారం చావడిలో భోజనాలు పెట్టిస్తాడు, ఇంకేం కావాలన్నాడు. ఆల్డ్రిన్ ఆ మాట విని సంతోషించాల్సింది. సంతోషించలేదు. అన్నకు ఇంత అవసరం ఏమిటా అన్నట్టు చూసి వెళ్ళిపోయాడు.

అవసరం ఉంది. జిల్లా కేంద్రంలో కొత్త వ్యాయామశాల కడుతున్నారు. నలభై వేల బస్తాల పని. మనీలా నుంచి పెద్ద కంపెనీ ఒకటి దిగింది. ధరలో వాళ్ళతో ఎలీసియో తూగలేడు. ముందో ఒక్క మాట చెబితే స్థానికులకే అని ఒక గీత గీయవచ్చు. ఎలీసియో ఆ వారమే ముందో కార్యాలయానికి వెళ్ళాడు. నలభై నిమిషాలు బయట కూర్చోబెట్టారు. లోపలికి పిలిచాక ముందో ఫైలు మీంచి తల ఎత్తకుండా, విందయ్యాక మాట్లాడుకుందాం అన్నాడు. అంతకు ముందెప్పుడూ ఆ మనిషి మరుసటి రోజుకు కూడా వాయిదా వేసినవాడు కాదు.

*

విందు సరస్సు ఒడ్డున హోటలు మేడ మీద. వాన పడుతోంది. పదేళ్ళ కింద ఎనభై మంది వచ్చారు, ఈసారి ఇరవై ఆరు. బల్ల మధ్యలో కరకరలాడే పంది కాలు, చింతపండు పులుసులో రొయ్యలు, సీసాల నిండా బీరు. హీలియో అధ్యక్షత. మనుషులు లావెక్కారు, జుట్టు పోయింది. చొక్కాలు మాత్రం పాతవే, బొత్తాలు పెట్టుకోలేక వదిలేశారు.

అందరి నోటా జ్ఞాపకాలు. ఇంకో సంఘంవాళ్ళతో కొట్లాటలో ఎవడు ముందు పారిపోయాడో, ఎవడి ప్రేమలేఖ ఎవడు రాసిపెట్టాడో. ఒక్కో సంగతి ముప్పై ఏళ్ళుగా చేతులు మారి అరిగి నున్నబడింది. తెడ్డు దెబ్బల దగ్గరికి వచ్చేసరికి మాటలు ఇంకా తియ్యబడ్డాయి. ఆ రోజుల్లో దెబ్బ తిన్నవాడే మనిషయ్యాడని, ఇప్పటి కుర్రాళ్ళకు ఫోను పడిపోతేనే ఏడుపొస్తుందని ఒకడన్నాడు. ఆల్డ్రిన్ చివర కూర్చుని అన్నం కలుపుకుంటున్నాడు. వాణ్ణి ఎవరూ ఏమీ అడగలేదు.

ముందో సీసా ఎత్తి, ఎనభై అయిదు బ్యాచ్ సంగతి మొదలుపెట్టాడు. అందులో ఒకడుండేవాడు డెన్సియో అని, పదిహేడు తిని కూడా నవ్వుతూనే ఉన్నాడని, అలాంటి గుండె ఇప్పుడెక్కడని అన్నాడు.

"నేను నవ్వలేదు సార్," అన్నాడు తలుపు దగ్గర నుంచి ఒక మనిషి. "దవడ వణికింది."

డెన్సియో. తడిసిన గొడుగు మూసి గోడకు ఆనించాడు. మనిషి సన్నగా, పసుపు పచ్చగా ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళలో ఒక్క విందుకూ రాని మనిషి. హీలియో లేచి ఎదురు వెళ్ళి కుర్చీ వేశాడు. పిలిచినవాడెవడో దాంతో తెలిసిపోయింది. అంత కాకలు తీరిన లాయరు ఒక మనిషికి కుర్చీ వేశాడంటే ఆ మనిషితో పనుందన్నమాట.

హీలియో గొంతు సవరించుకున్నాడు. కొత్త చట్టం సంగతి చెప్పాడు. ఎక్కడో ఎవడో కుర్రాడు తెడ్డెత్తితే ఈ బల్ల చుట్టూ ఉన్న ప్రతి పేరూ పత్రికకెక్కుతుందని చెప్పాడు. యాభై ఏళ్ళు నిండాయి, పరువుగా మూసేద్దామన్నాడు. కాగితం సిద్ధంగా ఉంది. సంఘం మూయాలంటే వచ్చినవాళ్ళంతా ఒప్పుకోవాలి, ఒక్కడు కాదన్నా చెల్లదు. అదీ పెద్దలు పెట్టిందే. అభ్యంతరం ఎవరికైనా ఉందా అని ఎలీసియో వైపు చూసే అడిగాడు. ఆల్డ్రిన్ కూడా కాదనలేదు.

ఎలీసియో అప్పుడు మిగతా ముఖాలు చూశాడు. ఏడవడానికి వచ్చినవాళ్ళ ముఖాలు కావవి. కుర్రాళ్ళు చేరక సంఘం చచ్చిపోతోందని తను నెలనుంచీ బాధపడుతున్నాడు. వీళ్ళు అది ఎప్పుడు చస్తుందా అని ఎదురుచూస్తున్నారు.

"నాకుంది," అన్నాడు. "పదిహేను మందిని నేను తెస్తాను. దెబ్బల్లేకుండా. జైలు భయం లేదు, పత్రిక భయం లేదు. ఇక మూయడం ఎందుకు?"

"జైలు భయంతో కాదురా ఎలీ, నీ వల్ల," అన్నాడు ముందో.

ముందో సీసా కింద పెట్టాడు.

"పదకొండు కొట్టాను. ఇరవై ఏళ్ళవాణ్ణి, కళ్ళు నెత్తికెక్కి కొట్టాను. అవి కూడా నువ్వు అడిగి కొట్టించుకున్నవే. అప్పట్నుంచీ తీరుస్తున్నాను. కల్వర్టులు, కాలవలు, బడి గోడలు. నీ బావమరిదికి ఉద్యోగం. నీ లారీకి పడ్డ జరిమానా. నీ పేరు ఫోనులో కనబడితే మా ఆవిడ పదకొండొచ్చాడు అంటుంది. మా ఇంట్లో నీ పేరు అదీ. వచ్చే ఏడు నేను దిగిపోతాను. దిగిపోయే ముందు నాలుగు నెలలైనా నా సంతకం నాది అనిపించుకోవాలి."

"తెడ్డు పట్టమని నేను నీ చెయ్యి పట్టుకున్నానా?"

"నీ నాలిక పట్టుకుని ఉంటే చాలేది."

ఒకరిద్దరు నవ్వారు. ఎలీసియో నవ్వలేదు. అభ్యంతరం అభ్యంతరమే అన్నాడు. వచ్చే ఏడు కూడా ఇదే చెబుతానన్నాడు, ఆ పై ఏడు కూడా. తన మూలధనాన్ని తన చేత్తో తగలబెట్టమంటే ఏ వ్యాపారీ తగలబెట్టడు. ఇరవై అయిదు మంది ఒకవైపు, తనొక్కడు ఒకవైపు, అయినా తనే గెలుస్తాడు. కట్టుబాటులోని బలం అదే. ఆ బలాన్ని తను ఎప్పట్నుంచో ఎరుగును.

హీలియో కోప్పడలేదు. కాగితం మడిచి లోపల పెట్టుకోనూ లేదు. డెన్సియో వైపు తిరిగి తల ఊపాడు.

డెన్సియో లేచి నిలబడ్డాడు. పాఠం చెప్పే గొంతుతోనే మాట్లాడాడు.

"ఎలీసియో అన్నా. ఎనభై అయిదులో నన్ను మీరు పదిహేడు కొట్టారు. లెక్క నేనే పైకి చెప్పాను. ఇంతవరకూ మిమ్మల్ని ఏమీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నా. అభ్యంతరం వెనక్కి తీసుకుని ఆ కాగితం మీద సంతకం పెట్టండి."

ఎలీసియో బుర్ర సంతలో తక్కెడలాగా ఒకవైపు దిగి ఇంకోవైపు లేచింది. పెడితే సంఘం పోతుంది, సంఘంతో బాటు ముందో, హీలియో, అందరూ చేజారతారు. పెట్టకపోతే కొట్టినవాడు కాదన్నట్టు. తనే కాదన్నాక ముందోను ఏ మొహంతో అడుగుతాడు? ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏ దారిన పోయినా ఆ నలభై వేల బస్తాలు పోయినట్టే. ఇంకా నయం, బేరమాడే అలవాటు చావలేదు.

"ఇంకేదైనా అడుగు డెన్సియో. మీ అమ్మాయి నర్సింగు చదువుతోందటగా. చివరిదాకా ఫీజులు నావి. నీకు డయాలిసిస్ చేయిస్తున్నారని విన్నాను, ఆ ఖర్చూ నాదే. బతికినంతకాలం. రాసిస్తాను."

"మా అమ్మాయిని నేనే చదివిస్తున్నా."

"నీ ఆరోగ్యం..."

"దాని మాట మీరెత్తకండి."

డెన్సియో మళ్ళీ అన్నాడు.

"నన్నే ఎందుకు ఎంచుకున్నారో నాకు ఆ రోజే తెలుసు. గంతలు కట్టకముందు వరసలో నిలబెట్టారు కదా. మీరు ఎవరి మొహం చూడలేదు. చెప్పులు చూసుకుంటూ వచ్చారు. నా దగ్గర ఆగారు. వీడు ఏం అడగ్గలడులే అనుకున్నారు. మీరు వేసిన లెక్క తప్పని కాదు అన్నా. నిజంగానే అడగడానికి నాకు సిగ్గయ్యేది."

ముందో అవునవునన్నట్టు తల ఆడించాడు. డెన్సియో అతని వైపు తిరిగాడు.

"మీకోసం రాలేదు సార్. మీరు ఆయన దగ్గర్నుంచి తప్పించుకుంటారో లేదో నాకు అనవసరం. కొట్టమని ఆ రోజు తెడ్డు ఆయన చేతికిచ్చింది మీరే. మా బళ్ళోంచి ఈ ఏడు ఇద్దరు పిల్లలు ఇక్కడికి చదువుకు వస్తున్నారు. ఇద్దరూ అరిగిపోయిన చెప్పులవాళ్ళే. ఆ చావడి మీద ఇంకొకరి బోర్డు చూసి పోదామని వచ్చాను."

ముందో సీసా వెతుక్కున్నాడు.

ఎలీసియో ఆ మనిషిని మొదటిసారి సరిగ్గా చూశాడు. కోపం వస్తుందనుకున్నాడు. వచ్చింది కూడా. వీడు ముప్పై నాలుగేళ్ళు దాచి, ధర బాగా పెరిగాక అమ్ముకున్నాడు కదా అని. తను చేసిందీ అదే. తన దగ్గర నేర్చుకోనివాడు తనకంటే బాగా చేశాడు. ఆ ఊళ్ళో తనను మించిన వ్యాపారి ఉంటే ఈ లెక్కల మాస్టారే. ఆ ఆలోచన కూడా తనకు తను చెప్పుకున్న కబురేనని ఎలీసియోకు తెలుసు. డెన్సియో ఏమీ అమ్మడం లేదు. అమ్మేవాడైతే ఇందాక చెప్పిన ధరకే ఇచ్చేవాడు.

కాదనడం ఎంతసేపు? నోరు తెరిస్తే అయిపోతుంది. ఇందాక ముందో మాటకు నవ్వినట్టు అందరూ నవ్వుతారు, హీలియో కాగితం మడుస్తాడు, సంఘం పేరు చిట్టాలో ఇంకో ఏడాది ఉంటుంది. కాని అది ఉత్త పేరు. సరుకు లేని దుకాణానికి బోర్డు. ఎలీసియో ఎవరికీ బాకీ పడనివాడు, బాకీ ఎగ్గొట్టినవాడు అసలే కాదు. మూడో రోజు నెత్తురు పడిందని విన్నప్పుడు కూడా ఆసుపత్రికి వెళ్ళలేదు, వెళితే ఏమడుగుతాడోనని. అడగలేని మనిషి ఏమడుగుతాడని అప్పుడెందుకు భయపడ్డాడో ఇన్నేళ్ళకు అర్థమైంది. అడగకపోయినా బాకీ బాకీయే.

కలం అడిగాడు. హీలియో చేతిలో సిద్ధంగా ఉంది.

సంతకం పెట్టాక ఆల్డ్రిన్ చివరి నుంచి అడిగాడు, నన్ను కొట్టిన అన్న సంగతి కూడా పోయినట్టేనా అని. హీలియో అవునన్నాడు.

"అది ఎప్పుడో పోయిందిలెండి," అని ఆల్డ్రిన్ అన్నం మిగిల్చి లేచాడు.

మెట్ల దగ్గర ఎలీసియో డెన్సియోను ఆపాడు. ఇక మనమధ్య ఏమీ లేదు కదా అన్నాడు.

"మీవైపు నుంచి లేదు," అన్నాడు డెన్సియో, గొడుగు విప్పుకుని దిగిపోయాడు.

*

సోమవారం ఎలీసియో జిల్లా పనుల కార్యాలయానికి వెళ్ళాడు. గంట సేపు వరసలో కూర్చున్నాక ముందో బయటికి వచ్చి, నలుగురి ముందూ చెయ్యి కలిపి, కతిందిగ్ గారూ, టెండరు పెట్టె అక్కడుంది, కవరు వేసి వెళ్ళండి అన్నాడు. గారూ అనేసరికి ముందో పదేళ్ళు చిన్నవాడైనట్టు కనబడ్డాడు. వ్యాయామశాల మనీలా కంపెనీకి పోయింది. హీలియో ఆ నెల నుంచి ఎలీసియో కాగితాలకు అందరిలాగే ఫీజు తీసుకున్నాడు. బ్యాంకు మేనేజరు పోయి అప్పటికే రెండేళ్ళు, ఆయన కొడుక్కి ఎలీసియో ఎవరో తెలియదు.

చావడి పక్షులను చూసేవాళ్ళ బృందానికి ఇచ్చారు. అమ్మాయిలూ అబ్బాయిలూ దుర్భిణులు మెడలో వేసుకుని ఎలీసియో పోయించిన సిమెంటు బల్లల మీద కూర్చుంటారు. దుకాణం నుంచి కనబడుతుంది. ఆల్డ్రిన్ కూడా కొన్నాళ్ళు వాళ్ళలో కనబడ్డాడు.

అక్టోబరులో ఒక లారీ అమ్మేశాడు. లూర్దెస్ కారణమడిగితే మొదటిసారి అంతా చెప్పాడు, కొబ్బరితోట నుంచి మేడమెట్ల దాకా. ఆమె చివరిదాకా విని, ఆ మాస్టారికి ఇన్నాళ్ళూ ఏ దేవుడు తోడున్నాడో అని, లేచి పొయ్యి దగ్గరికి పోయింది. వారం రోజులు అతనితో అవసరానికి మించి మాట్లాడలేదు.

డిసెంబరులో కొండ కింది ఊరి పంచాయతీవాళ్ళు చిన్న బడికి ప్రహరీ కట్టడానికి ధరలు పిలిచారు. అయిదుగురు కవర్లు వేశారు. బస్తాకు నాలుగు పెసోల లాభం చూసుకుని ఎలీసియో కూడా వేశాడు. కవరు విప్పిన గుమాస్తా అమ్మాయికి అతనెవరో తెలియదు, ఏ సంఘమని అడగలేదు, ధర చదివి, మీదే తక్కువ, ఎప్పుడు దింపుతారు అని మాత్రం అడిగింది.

ఏడాది చివర ఎలీసియో లెక్క తేల్చుకున్నాడు. తిన్నవి ముప్పై రెండు. వాటి మీద వచ్చినవి స్థలం, దుకాణం, మూడు లారీలు, వాటిలో ఒకటి పోయింది, బావమరిదికి ఉద్యోగం, ఇరవై అయిదుగురు ఊపిరి పీల్చుకోవడానికి అతని సంతకం కోసం ఎదురుచూడటం. కొట్టినవి పదిహేడు. వాటికి పోయింది ఇంకొకడి మూత్రపిండం, అది తన ఖాతాలోంచి పోలేదు, తను తీర్చగలిగిందీ కాదు. ఎవరి దెబ్బా లేకుండా, ధర చెప్పి సంపాదించుకున్నది నూట నలభై బస్తాల సిమెంటు పని. బస్తాకు నాలుగు పెసోలు.